హైదరాబాద్‌లో సొంతింటికి జియోథర్మల్ ఏసీ పెట్టించుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బీరంగూడలో 200 గజాల్లో ఇల్లు మొదలుపెడుతున్నారు. ఒహాయోలో ఉన్న మీ బావగారింట్లో భూమిలోకి పైపులు దించి, ఒకే మిషన్‌తో చలికాలం వెచ్చదనం, ఎండాకాలం చల్లదనం తీసుకుంటున్నారు. ఇక్కడ ఒక కంపెనీ అలాంటిదే మూడు టన్నులది కొటేషన్ ఇచ్చింది. తీసుకోవాలా వద్దా?

వద్దండీ. మిషన్ పనిచేయదని కాదు, పనిచేస్తుంది. మన ఊరి నేల, మనం ఏసీ వేసుకునే వేళలు దానికి కలిసిరావు. మా ఇల్లు కట్టేటప్పుడు నేనూ దీని వెంట గట్టిగానే పడ్డాను. రిగ్గు వాళ్లతో, ఏసీ డిజైన్ చేసేవాళ్లతో మాట్లాడాను, లెక్కలు వేసుకున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. జియోథర్మల్ అనగానే చాలామందికి మణుగూరు దగ్గర పగిడేరులో ఉబికి వచ్చే వేడినీళ్లు గుర్తొస్తాయి. అది భూమి లోపలి వేడి. ఇంటి ఏసీకి దానితో పని లేదు. ఇక్కడ నేల మనం వేడి పారేసుకునే చోటు మాత్రమే. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని వేడిని తీసి బయటి గాలిలోకి వదులుతుంది, ఇది బోర్లలో దించిన పైపుల్లో నీళ్లు తిప్పుతూ నేలలోకి వదులుతుంది. వదిలే చోటు ఎంత చల్లగా ఉంటే కంప్రెసర్‌కి అంత తేలిక, కరెంటు అంత తక్కువ.

మరి మన నేల ఎంత చల్లగా ఉంది? ఏ ఊళ్లోనైనా కొన్ని మీటర్ల లోతుకు వెళ్తే నేల ఉష్ణోగ్రత దాదాపు ఆ ఊరి ఏడాది సగటు గాలి ఉష్ణోగ్రత దగ్గర నిలుస్తుంది. ఒహాయోలో అది 11, 12 డిగ్రీలు. హైదరాబాద్‌లో 26, 27. మీకు బోరు ఉంటే ఇది మీరే చూసుకోవచ్చు. మే నెలలో తెల్లవారుజామున మోటారు వేసి, పైపులో నిలిచిన నీళ్లన్నీ పోయేదాకా పావుగంట వదిలేసి, ఆ ధారను బకెట్‌లో పట్టి వెంటనే థర్మామీటర్ పెట్టండి. మా ఇంట్లో 28 దాకా చూపించింది. జనవరిలో పెట్టినా అంతే. చలికాలం పొద్దున బోరు నీళ్లు గోరువెచ్చగా, మే మధ్యాహ్నం అవే నీళ్లు చల్లగా అనిపించేది మన ఒంటికే, నీళ్లు మాత్రం మారవు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మే మధ్యాహ్నం బయట 41, నేల 28. ఈ తేడా మంచిదే. కానీ మనలో ఎంతమంది ఇళ్లలో మధ్యాహ్నం అన్ని ఏసీలూ నడుస్తాయి? పిల్లలు స్కూలు నుంచి, పెద్దవాళ్లు ఆఫీసు నుంచి వచ్చి, భోజనాలయ్యాక పది గంటలకు పడకగదిలో ఏసీ వేస్తాం, తెల్లవారి ఐదింటికి కట్టేస్తాం. ఆ వేళకు బయటి గాలే 28, 30 డిగ్రీలకు దిగివస్తుంది. నేలా అంతే, గాలీ అంతే. అప్పుడు లక్షలు పోసి దించిన పైపులు మీకు ఇచ్చేదేమిటి? దాదాపు ఏమీ లేదు. కొటేషన్‌లో రాసే పొదుపు లెక్క చాలావరకు మధ్యాహ్నం వేడితో వేసింది. మీ కాగితం తీసి చూడండి, బయటి ఉష్ణోగ్రత ఎంత అనుకున్నారో రాసి ఉంటుంది.

రెండో సమస్య ఇంకా పెద్దది. మూడు టన్నులు అంటే పదిన్నర కిలోవాట్ల వేడి. కంప్రెసర్ తినే కరెంటు కూడా వేడిగా మారి అందులో కలుస్తుంది కాబట్టి, మిషన్ నిండా నడిచినప్పుడల్లా 13 కిలోవాట్ల దాకా నేలలోకి పోతుంది. ఒహాయోలో నేల గాదె లాంటిది: ఎండాకాలం పోసిన వేడిని చలికాలం ఇంటికి తోడుకుంటారు, మళ్లీ ఖాళీ అవుతుంది. మనకు ఇల్లు వెచ్చబెట్టుకోవాల్సిన చలే లేదు. మార్చి నుంచి అక్టోబరు దాకా పోయడమే తప్ప తీయడం ఉండదు. పైపుల చుట్టూ రాయి ఏటేటా కాస్త కాస్త వేడెక్కుతుంది. మొదటి వేసవిలో 31, 32కి తిరిగివచ్చే నీళ్లు తర్వాతి వేసవుల్లో అంతకన్నా వేడిగా వస్తాయి. దీన్ని తట్టుకోవాలంటే పైపు ఇంకా పొడవు పెట్టాలి, బోర్లు దూరం దూరంగా వేయాలి.

200 గజాల్లో ఆ దూరం ఎక్కడిది? మామూలు లెక్కలో టన్నుకు 150 నుంచి 200 అడుగుల బోరు అంటారు. మనలా చల్లదనం ఒక్కటే కావాల్సిన చోట ఇంకా ఎక్కువే పెట్టుకోవాలి. మూడు టన్నులకు కనీసం మూడు బోర్లు, ఒక్కోదానికి మధ్య 15, 20 అడుగులు. సెట్‌బ్యాక్‌లు వదిలాక మీ ప్లాటులో ఇల్లే ఉంటుంది. ఇంటి కిందే వేయిస్తే, హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు దించి చుట్టూ బెంటొనైట్ గ్రౌటు (ఒక రకం బంకమట్టి ముద్ద) నింపేశాక దాని మీద స్లాబ్ పడుతుంది, లోపల లీకు వస్తే ఎవరూ తీయలేరు. ఒక్క మంచి విషయం ఉంది: మన గ్రానైట్ వేడిని బాగా లాక్కుంటుంది, పొడి మట్టికన్నా చాలా నయం. కానీ అదే రాయి తొలచడానికి అడుగు అడుగుకీ డబ్బు పోయాలి, లోతు పెరిగేకొద్దీ రిగ్గు వాళ్ల రేటూ పెరుగుతుంది. ఇక బోరు నీళ్లనే నేరుగా మిషన్‌లో తిప్పుదామంటే, మన నీళ్ల గట్టిదనానికి లోపల సున్నం పేరుకుపోతుంది. పైగా నీళ్లు, నేల, చెట్లను కాపాడేందుకు వచ్చిన 2002 వాల్టా చట్టం కింద బోరుకు అనుమతి కావాలి, తాగడానికే నీళ్లు దొరకని వేసవిలో ఆ ఆలోచనే నాకు నచ్చదు.

ఎర్త్ ట్యూబ్ గురించి కూడా అడిగారు, అంటే నేలలో పూడ్చిన గొట్టంలోంచి బయటి గాలిని లాగి చల్లబరిచి గదిలోకి తెచ్చుకోవడం. గుర్‌గావ్ దగ్గర గ్వాల్ పహాడీలో టెరి అనే ఇంధన పరిశోధన సంస్థ వాళ్ల రిట్రీట్ భవనంలో నాలుగు మీటర్ల లోతున 70 మీటర్ల సొరంగాలు నాలుగు వేశారు. అక్కడ చలికాలం గట్టి చలి, కాబట్టి అవే సొరంగాలు వెచ్చదనమూ ఇస్తాయి. దాన్ని చూసే చేవెళ్ల వైపు మా మేనమామ తోటలో ఒకటి వేశాం. ఆరంగుళాల పీవీసీ పైపు, పదడుగుల లోతు, వందడుగుల పొడవు, ఒక చివర ఫ్యాను. ఏప్రిల్‌లో బయట 41 ఉన్నప్పుడు గదిలోకి వచ్చే గాలి 31. చెయ్యి పెడితే హాయిగానే ఉంటుంది. కానీ అంత సన్న గొట్టంలో పోయే గాలి ఎంత? లెక్క వేస్తే ఆ చల్లదనం టన్నులో ఐదో వంతు. సాయంత్రానికి చుట్టూ మట్టి వేడెక్కి అదీ తగ్గుతుంది. వానాకాలం జాయింట్ల నుంచి నీళ్లు ఊరి ముక్క వాసన. ఆగస్టులో బయటి గాలీ 28 కాబట్టి అసలు అవసరమే ఉండదు. తోటలో జాగా ఉంది, తవ్వకం మనదే, సరదా తీరింది. ఊళ్లో డబ్బులిచ్చి వేయించుకునే పని కాదు.

మన ఊరికి సహజంగా ఉన్న బలం నేల కాదు, పొడి గాలి. ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు, గాలిలో తేమ 25 శాతం ఉన్నప్పుడు, తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ 24 చూపిస్తుంది, గుడ్డలోని నీళ్లు ఆవిరవుతూ వేడిని లాక్కుంటాయి కాబట్టి. నేలకన్నా చల్లన! మంచి ఎయిర్ కూలర్ అప్పుడు 27, 28 డిగ్రీల గాలి ఇస్తుంది, అది మా ఎర్త్ ట్యూబ్ ఇచ్చిన దానికన్నా మేలు. వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లుకున్న పెద్దవాళ్లు వాడుకున్నది దీన్నే. కొత్తగూడలో 2004లో మొదలైన సీఐఐ (పరిశ్రమల సమాఖ్య) గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో గాలిని లోపలికి దింపే బురుజులు కట్టారు, అక్కడా గాలిని చల్లబరిచేది నీళ్లు ఆవిరి కావడమే.

కాబట్టి ఆ డబ్బులో కొంత పై స్లాబ్ మీద పెట్టండి. మే మధ్యాహ్నం ఉత్త స్లాబ్ పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడి గదిలోకి దిగేది రాత్రికి. పది గంటలప్పుడు స్టూలెక్కి సీలింగుకు అరచెయ్యి ఆనించండి, కాలుతున్నట్టే ఉంటుంది. ఫ్యాను వేస్తే ఆ వేడినే కిందికి తోస్తుంది, ఏసీ రాత్రంతా దానితోనే కుస్తీ పడుతుంది. తెల్ల కూల్ రూఫ్ కోటింగో, విరిగిన తెల్ల టైల్స్ ముక్కలో వేయించండి. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం 600 గజాలు దాటిన ఇళ్లకే తప్పనిసరి చేసింది, మీకు ఐచ్ఛికమే అయినా వదలకండి. పడమటి గోడకు ఏఏసీ బ్లాకులు (వేడిని తక్కువగా లోపలికి పంపే తేలికపాటి సిమెంటు ఇటుకలు), కిటికీల మీద లోతైన సజ్జలు. ఇవి చేశాక మీకు మూడు టన్నులు అవసరం పడదు. పడకగదికి ఒక 5 స్టార్ ఇన్వర్టర్ ఏసీ, హాల్లో కూలర్ చాలు.

అయినా మనసు అటే లాగుతుంటే ఆ కంపెనీని ఒక్కటే అడగండి: ఐదో ఏడాది మే నెలలో నేలలోంచి మిషన్‌కి తిరిగివచ్చే నీళ్లు ఎన్ని డిగ్రీలుంటాయో రాసిమ్మనండి. అది 35 దాటితే మీ పక్కింటి స్ప్లిట్ ఏసీయే రాత్రిపూట తక్కువ కరెంటు తింటుంది.

మీ ప్లాటు ఏ ముఖమో, పడకగదులు ఏ మూలకు వస్తున్నాయో కింద రాయండి. పడమటి వైపు ఏం చేయొచ్చో చూసి చెబుతాను.