60 చోట్ల అప్లై చేసినా ఒక్క కాల్ లేదా? ముందు నోట్‌ప్యాడ్ తెరవండి

మీ మార్కులు కాదు, రెజ్యూమేకి కాన్వా (ఆన్‌లైన్ డిజైన్ సైట్)లో తీసుకున్న ఆ రెండు కాలమ్‌ల టెంప్లేటే కొంప ముంచుతున్నట్టుంది.

1. పీడీఎఫ్‌లో మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. చాలామంది వదిలేసేది ఇదే. కంపెనీలు అప్లికేషన్లు వడపోయడానికి వాడే సాఫ్ట్‌వేర్‌కి మీ రెజ్యూమే దాదాపు అలాగే కనిపిస్తుంది. నాది చూసుకుంటే ఫోన్ నంబర్ మధ్యలో 'జావా' దూరి ఉంది! ఏమీ పేస్ట్ కాకపోతే మీ పీడీఎఫ్‌లో ఉన్నది అక్షరాలు కాదు, ఉత్త బొమ్మే.

2. వర్డ్‌లో ఒకే కాలమ్‌గా మళ్లీ టైప్ చేయండి. ఫోన్, మెయిల్ వర్డ్ హెడర్‌లో (పేజీ పై మార్జిన్‌లో) పెట్టొద్దు, పేరు కిందే రాయండి.

3. స్కిల్స్ పక్కన స్టార్లు తీసేయండి. "ఎస్‌క్యూఎల్ తెలుసు" అనే బదులు "కాలేజీ లైబ్రరీ ప్రాజెక్టుకి 12 టేబుళ్ల డేటాబేస్ కట్టాను" అని రాయండి.

తండ్రి పేరు, కింద డిక్లరేషన్ కూడా అక్కర్లేదు. ఒక్క పేజీలో పట్టేస్తుంది.

పంపేముందు మళ్లీ నోట్‌ప్యాడ్‌లో చూసుకోండి.