ఆ హాల్లో నువ్వెక్కడ నిలబడ్డావు?

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ర్యాప్ షో జరిగిన ఆ ఇరుకు హాలు, గోడల చెమ్మ, బేస్‌కి బల్ల మీద అదిరే గ్లాసు, అన్నీ కళ్లకు కట్టాయి. చిక్కల్లా మూడో పేజీలో వచ్చింది. ముందు వరసలోని తెల్లకుర్రాళ్లను, నల్లజాతివాళ్ల ర్యాప్‌ను అనుకరించే వేషగాళ్లని ఏకిపారేశావు. బాగానే ఉంది, మరి గుంటూరు నుంచి వెళ్లి డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న నువ్వెవరివి? వాళ్లకు లేని టికెట్టు నీకెవరిచ్చారు? చామనఛాయ చూపించి లోపలికి వచ్చేస్తానంటే కుదరదు.

కోపం తెచ్చుకోకు. ఇదే తప్పు నేనూ చేశాను. అమెరికాలో ఉన్న రోజుల్లో ఓ సాయంత్రం వానలో, ఆఫీసులో నాతో పనిచేసే నల్లజాతి మిత్రుడు తన కారులో నన్ను ఇంటికి దింపుతున్నాడు. నాకు కంఠతా వచ్చిన పాట మోగుతోంది. గొంతు కలిపాను, నల్లజాతివాళ్లను కించపరిచే ఆ ‘ఎన్’ మాటతో సహా. ఆయన ఏమీ అనలేదు. చెయ్యి చాచి వాల్యూమ్ తగ్గించాడు. ఇల్లు వచ్చేదాకా వైపర్ల చప్పుడే.

నేనూ నల్లగానే ఉంటాగా, పాటలో ఉన్నదేగా అన్నాను అని నాలుగు రోజులు నాలో నేనే వాదించుకున్నాను. తర్వాత మన సంగతి గుర్తొచ్చింది. 1994లో దండోరా ఉద్యమం మొదలయ్యాక ఎంతోమంది తమ పేరు చివర మాదిగ అని గర్వంగా పెట్టుకున్నారు. అదే మాట ఊళ్లో పెద్దకులం వాళ్ల నోట ఎలా పలుకుతుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. (ఆ నోళ్లలో మా తాతది కూడా ఒకటి.) తెలిసి కూడా కారులో పాడాను చూడు. 2018లో అలబామాలో నల్లజాతి ర్యాపర్ కెండ్రిక్ లమార్ తన పాట పాడమని వేదిక మీదికి పిలిచిన ఓ తెల్లమ్మాయి ఆ మాట పాడేస్తే ఆయన మధ్యలోనే ఆపేశాడు. ఆ వార్త చదువుతుంటే నాకు ఆ వైపర్లే వినిపించాయి.

ఇక ‘అసలు సిసలు’ ర్యాప్ అన్న మాట ఏడుసార్లు వాడావు. నీ లెక్కలో అదంతా తుపాకులు, బూతులు. లాస్ ఏంజెలిస్‌లో గుడ్ లైఫ్ అని ఆరోగ్యానికి మంచివైన తిండిసరుకులు అమ్మే కొట్టు ఉండేది. 1989 చివరి నుంచి గురువారం రాత్రుళ్లు అక్కడ ఓపెన్ మైక్, అంటే ఎవరైనా వచ్చి మైకు అందుకోవచ్చు. బూతు నిషేధం! ఫ్రీస్టైల్ ఫెలోషిప్ లాంటి బృందాలు అక్కడే రాటుదేలాయి. ఎవరైనా తేలిపోతే “ప్లీజ్ పాస్ ది మైక్” అని హాలంతా అందుకునేది. పరీక్ష పెట్టిందీ మార్కులు వేసిందీ వాళ్లే. అక్కడ ర్యాప్ చేసిన ఏవా డువెర్నేనే 2008లో దాని మీద డాక్యుమెంటరీ తీసింది. అంటే ఇంటివాళ్లు తమ కథ ఎప్పుడో చెప్పేసుకున్నారు. ముందు అది చూడు.

బయటివాళ్లకు చోటే లేదని కాదు. మీ డాలస్‌లోనే పుట్టిన తెల్ల ర్యాపర్ వెనీలా ఐస్ పాట 1990లో అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో నంబర్ వన్ అయింది. పెరిగిన తీరు గురించి ప్రచారంలో చెప్పినవి కట్టుకథలని తేలేసరికి పరువు పోయింది. ఎమినెమ్ కూడా తెల్లవాడే. డెట్రాయిట్‌లో నల్లజాతి ర్యాపర్లకు ఎదురు నిలబడి నేర్చుకున్నాడు. నల్లవాడినై ఉంటే సగమే అమ్ముడుపోయేవాడినని 2002లో పాటలోనే ఒప్పేసుకున్నాడు. అలాంటి ఒప్పుకోలు నీ ఎనిమిది పేజీల్లో ఒక్కటి లేదు.

ఆరో పేజీలో ఓ ముక్క ఉంది. షో అయ్యాక ఆ ర్యాపరే బల్ల దగ్గర నిలబడి టీషర్టులు అమ్ముకుంటూ, సంతకం కోసం నీ పేరు అడిగాడు. నువ్వు రెండుసార్లు చెప్పి, మూడోసారి విసుగొచ్చి ‘శ్యామ్’ అనేశావు. ఒక్క వాక్యంలో దాటేశావు దాన్ని! ఎందుకు పేరు మార్చుకున్నావు? ఆయన ఏం రాశాడు? ఆ టీషర్టు ఇప్పుడెక్కడుంది? ఆ బల్ల దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. తెల్లకుర్రాళ్లను తీసెయ్యకు, వాళ్ల పక్కనే నిన్నూ నిలబెట్టు. ఆదివారంలోపు పంపితే చదివి ఫోన్ చేస్తాను.

ఉంటాను,
అన్నయ్య