పాఠకుల ప్రశ్నలు: నాలుగు రోజుల్లో అండమాన్ దీవి చూసి రావచ్చా?

సంక్రాంతి సెలవులు, వేసవి సెలవుల కోసం ఇప్పటినుంచే ఆలోచిస్తున్న పాఠకులు ఈసారి ఎక్కువగా అండమాన్ గురించే అడిగారు. జవాబుల్లోకి వెళ్ళే ముందు ఒక్క మాట. అండమాన్‌లో విమానాలు దిగే పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. హేవ్‌లాక్ దీవి 2018లో స్వరాజ్ ద్వీప్, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయ్యాయి. టికెట్లు వెతికేటప్పుడు ఒక పేరుతో దొరక్కపోతే రెండో పేరుతో చూడండి.

ప్రశ్న: గురువారం నుంచి ఆదివారం వరకు మాకు సెలవు. ఇద్దరం, ఇద్దరు పిల్లలు. శ్రీ విజయపురం, స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ మూడూ చూపిస్తామని ఒక ప్యాకేజీ వచ్చింది. తీసుకోమంటారా? (కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: వద్దు. నాలుగు రోజుల్లో ఒక్క దీవే పెట్టుకోండి. అది స్వరాజ్ ద్వీప్ అయితే మేలు. రెండో దీవి కలిపితే అదనంగా పోయేది సముద్రం మీద గంట ప్రయాణం మాత్రమే అనిపిస్తుంది కానీ అసలు లెక్క వేరు. ఉదయం గది ఖాళీ చేయాలి, ఫెర్రీకి గంట ముందు రేవు (జెట్టీ)లో ఉండాలి, అవతల సామాను దించుకుని ఆటో పట్టాలి, కొత్త హోటల్లో గది ఇచ్చేదాకా కూర్చోవాలి. మొత్తం మీద ఒక పూట పోతుంది. మీ దగ్గర దీవి మీద గడపడానికి ఉన్నవే మూడు నాలుగు పూటలు.

ఇక ప్లాను వేసే పద్ధతి. చాలామంది ముందు హోటల్ చూస్తారు, తర్వాత విమానం, చివర ఫెర్రీ. దీన్ని తిరగేయండి. శ్రీ విజయపురం నుంచి స్వరాజ్ ద్వీప్‌కు ప్రైవేటు ఫెర్రీలు సుమారు గంటన్నర నుంచి రెండున్నర గంటల్లో చేరుస్తాయి. ఇవి పగటిపూటే నడుస్తాయి, మధ్యాహ్నం దాటాక ఇక ఉండవు. కాబట్టి మీ విమానం ఎన్నింటికి దిగుతుందన్న దాన్నిబట్టే మొదటి రాత్రి ఎక్కడన్నది తేలుతుంది. విమానం దిగే వేళకీ ఫెర్రీ బయల్దేరే వేళకీ మధ్య కనీసం మూడు గంటలు ఉంచండి. విమానాశ్రయం నుంచి జెట్టీకి దారి దగ్గరే, కానీ విమానం ఆలస్యం, సామాను కోసం ఎదురుచూపు, భోజనం, జెట్టీలో తనిఖీ అన్నీ ఆ మూడు గంటల్లోనే అయిపోవాలి. ఫెర్రీ మీకోసం ఆగదు, విమానం ఆలస్యమైందని డబ్బు తిరిగివ్వరు.

ఉదయం పది, పదకొండులోపు దిగే విమానం దొరికితే అదే రోజు దీవి చేరండి. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్ళే విమానం వేళ కుదరకపోతే, ముందు రోజు రాత్రే చెన్నై చేరి అక్కడినుంచి తెల్లవారుజాము విమానం పట్టుకోవడం మంచి దారి. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండేలా చూసుకోండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా కంపెనీకి బాధ్యత ఉండదు.

గురువారం మధ్యాహ్నం ఫెర్రీలో దీవి చేరేసరికి సాయంత్రమవుతుంది. ఆ పూట బీచ్ ఏదీ పెట్టుకోవద్దు. శుక్రవారం ఉదయం ఎనిమిదింటికల్లా బోటులో ఎలిఫెంట్ బీచ్‌కు వెళ్ళి స్నార్కెలింగ్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ అడుగు చూడడం) చేసి పన్నెండుకు వచ్చేయండి. మధ్యాహ్నం రెండున్నరకు రాధానగర్ బీచ్‌కు బయల్దేరండి. అది జెట్టీ వైపు నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు, దీవికి పడమటి ఒడ్డున ఉంది. శనివారం ఉదయం కాలాపత్తర్ బీచ్, మధ్యాహ్నం ఫెర్రీలో తిరుగు ప్రయాణం. ఆ రాత్రి శ్రీ విజయపురంలో పడుకుని ఆదివారం విమానం ఎక్కండి.

ఈ చివరి రాత్రి విషయంలో మాత్రం రాజీ పడొద్దు. ఆదివారం ఉదయం ఫెర్రీ, మధ్యాహ్నం విమానం అని ప్యాకేజీవాళ్ళు కలిపి ఇస్తుంటారు. సముద్రం బాగోలేదని హార్బర్‌వాళ్ళు ఫెర్రీలు ఆపేస్తే ఫెర్రీ డబ్బు వెనక్కి వస్తుంది, విమానం డబ్బు రాదు. నలుగురికి చివరి నిమిషంలో కొత్త టికెట్లంటే మొత్తం యాత్ర ఖర్చంత అవుతుంది.

సూర్యాస్తమయం లెక్క కూడా ఇక్కడే చెప్పాలి. మన దేశపు ప్రామాణిక సమయం కాకినాడ దగ్గరగా వెళ్ళే 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది. అండమాన్ దానికి పది డిగ్రీల తూర్పున ఉంది, అంటే సూర్యుడు అక్కడ నలభై నిమిషాలు ముందే. నవంబరు, డిసెంబరుల్లో సాయంత్రం ఐదుకే పొద్దుగూకుతుంది, జనవరిలో ఐదుంపావు. హైదరాబాద్ అలవాటుతో నాలుగున్నరకు బయల్దేరినవాళ్ళు రాధానగర్‌లో చీకటి చూసి వస్తారు. ఆటోను వెయిటింగ్‌తో మాట్లాడుకోండి, చీకటిపడ్డాక అక్కడ వేరే బండి దొరకడం కష్టం.

ఫెర్రీ టికెట్ మీద పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. పిల్లల గుర్తింపు కాగితాలు కూడా అసలువి పట్టుకెళ్ళండి. ప్రైవేటు ఫెర్రీలు ఎక్కువగా హాడో జెట్టీ నుంచి, ప్రభుత్వ ఫెర్రీలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి బయల్దేరతాయి. ఆటో ఎక్కేటప్పుడే ఏ జెట్టీయో చెప్పండి.

ప్రశ్న: బీచ్ పక్కనే కాటేజీ బుక్ చేశాం. అక్కడ నీళ్ళే ఉండవని, బురద, రాళ్ళేనని ఒక బంధువు అంటున్నారు. ఫోటోల్లో మాత్రం నీలం నీళ్ళు. ఏది నిజం? (గుంటూరు)

జవాబు: రెండూ నిజమే, పూటలు వేరు. స్వరాజ్ ద్వీప్‌లో హోటళ్ళు ఎక్కువగా ఉన్న గోవిందనగర్, విజయనగర్ బీచ్‌లు తూర్పు ఒడ్డున ఉన్నాయి. అక్కడ సముద్రం అడుగు చాలా దూరం లోతు లేకుండా సాగి ఉంటుంది. ఏటవాలు అంత తక్కువ కాబట్టి ఆటు సమయంలో నీటిమట్టం ఒకటిన్నర, రెండు మీటర్లు దిగినా నీటి అంచు చాలా దూరం వెనక్కి పోతుంది. అడుగునున్న రాళ్ళు, చచ్చిన పగడపు గడ్డలు బయటపడతాయి. పోటు వచ్చినప్పుడు అదే చోట మీరు ఫోటోలో చూసిన నీలం నీళ్ళు.

రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఇవాళ ఉదయం ఎనిమిదికి పోటు ఉంటే రేపు సుమారు ఎనిమిదీ యాభైకి. ఇంట్లో గోడ క్యాలెండరు కూడా పనికొస్తుంది: పౌర్ణమికీ అమావాస్యకీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ పోటు బాగా ఎక్కి, ఆటు బాగా దిగుతుంది. అష్టమి చుట్టుపక్కల తేడా తక్కువ. అందుకని తూర్పు ఒడ్డున గది తీసుకున్నవాళ్ళు అష్టమి దగ్గర తేదీలు పెట్టుకుంటే నీళ్ళు రోజంతా కొంత నిలకడగా ఉంటాయి. ఖచ్చితమైన వేళలకు పోర్ట్ బ్లెయిర్ టైడ్ టేబుల్ చూడండి.

ఈత కోసమైతే రాధానగర్‌కే వెళ్ళండి. అక్కడ అడుగు ఇసుక, ఆటులో కూడా దిగవచ్చు. జీవనరక్షకులు హద్దు పెట్టిన చోటే దిగండి. అండమాన్ తీరంలో ఉప్పునీటి మొసళ్ళు నిజంగా ఉన్నాయి. హెచ్చరిక బోర్డున్న చోట్లకు, వాగులు సముద్రంలో కలిసే చోట్లకు, మడ అడవుల అంచులకు వెళ్ళొద్దు. తూర్పు ఒడ్డున ఆటులో నడవాలనిపిస్తే రబ్బరు అడుగున్న చెప్పులు వేసుకోండి, పగడం కోసిన గాయం త్వరగా మానదు.

ప్రశ్న: అమ్మకు 68 ఏళ్ళు. బస్సెక్కితేనే వాంతులు. ఫెర్రీ తట్టుకోగలదా? (ఖమ్మం)

జవాబు: తట్టుకోగలరు, కొన్ని జాగ్రత్తలతో. ఉదయం ఫెర్రీ తీసుకోండి, మధ్యాహ్నానికి గాలి పెరిగి అలలు లేవడం మామూలు. సీటు కింది అంతస్తులో, మధ్యకో కొంచెం వెనక్కో అడగండి. ముందు వరుసలు అలకు ఎక్కువ ఎగిరిపడతాయి. చాలా ప్రైవేటు ఫెర్రీల్లో కూర్చునే చోటు పూర్తిగా మూసి ఉంటుంది, గాలి కోసం బయటకు వెళ్ళే వీలు ఉండకపోవచ్చు. కాబట్టి ఫోను చూడకుండా కిటికీలోంచి దూరంగా కనిపించే నీటి గీత వైపు చూడమనండి. ఖాళీ కడుపు మంచిది కాదు. గంట ముందు రెండు ఇడ్లీలు చాలు, పూరీలూ పాలూ వద్దు.

అవోమిన్ లాంటి మాత్ర పని చేయాలంటే బయల్దేరడానికి గంట, రెండు గంటల ముందే పడాలి. వాంతి మొదలయ్యాక వేస్తే లాభం లేదు. మగత వస్తుంది. పెద్ద వయసు, బీపీ మందులు, గ్లాకోమా ఉంటే ముందుగా డాక్టరును అడిగే వేయండి. జెట్టీలో ఎక్కే పలక వాలు పోటును బట్టి మారుతుంది, మోకాళ్ళ నొప్పి ఉంటే కౌంటరులో ముందే చెబితే చెయ్యి పట్టి ఎక్కిస్తారు.

ప్రశ్న: మా అబ్బాయికి 19. ఈత రాదు. స్కూబా చేయవచ్చా? మర్నాడే విమానం. (వరంగల్)

జవాబు: స్కూబా అంటే గాలి సిలిండరుతో నీటి అడుగుకు దిగడం. మొదటిసారి చేసేవాళ్ళకు ఇచ్చే డైవ్‌లో శిక్షకుడు వెంటే ఉండి పట్టుకుని తిప్పుతాడు, లోతు 12 మీటర్లు దాటదు. ఈత తప్పనిసరి కాదు. కనీస వయసు సాధారణంగా పదేళ్ళు. ఒక్కరికి ఒక శిక్షకుడు ఉన్నచోటే డబ్బు కట్టండి. ఉబ్బసం, గుండె జబ్బు, ఫిట్స్, చెవి ఆపరేషన్ ఉంటే ఫారంలో దాచొద్దు. జలుబు ఉన్న రోజు మానేయడమే మంచిది. ముక్కు పట్టేసి ఉంటే చెవిలో ఒత్తిడి సర్దుకోక కర్ణభేరి దెబ్బతింటుంది. మీసం దట్టంగా ఉంటే మాస్కులోకి నీళ్ళు కారుతుంటాయి, పై పెదవి మీద పల్చగా వాజిలిన్ రాస్తే తగ్గుతుంది. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు పవర్ ఉన్న మాస్కు ఉందేమో ముందే కనుక్కోవాలి.

విమానం సంగతి ముఖ్యం. నీటి ఒత్తిడికి ఒంట్లో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటకు పోవాలి. ఆలోపు విమానంలో తక్కువ ఒత్తిడికి వెళితే బుడగలు కట్టి కీళ్ళకు, నరాలకు ప్రమాదం. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగాలి. అందుకే డైవ్‌ను దీవిలో మొదటి ఉదయమే పెట్టుకోండి. పైగా ఆ రోజు వాతావరణం బాగోకపోతే వాయిదా వేయడానికి మరో ఉదయం చేతిలో ఉంటుంది.

ప్రశ్న: విశాఖ నుంచి ఓడలో వెళ్తే చవక కదా? (అనకాపల్లి)

జవాబు: చవకే. కానీ ఒకవైపే రెండున్నర రోజులు పడుతుంది, ఓడలు కూడా తరచుగా ఉండవు. తేదీ మీరు అనుకున్నట్టు కుదరదు. పది రోజుల సెలవుంటే వెళ్ళేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం బాగుంటుంది.

ప్రశ్న: మేం శాకాహారులం. ఫోన్‌పే నడుస్తుందా? (తిరుపతి)

జవాబు: స్వరాజ్ ద్వీప్‌లో స్థిరపడినవాళ్ళు ఎక్కువగా బెంగాలీలు, కాబట్టి చేప లేని హోటలు అరుదు. అయినా అన్నం, పప్పు, కూరతో శాకాహార భోజనం దొరుకుతుంది. గరిటె, బాణలి వేరుగా కావాలనుకునేవాళ్ళు పూర్తి శాకాహార హోటలు వెతుక్కోవాలి. శ్రీ విజయపురంలో ఇబ్బంది లేదు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు అక్కడ చాలామంది, బజారులో తెలుగులోనే పని జరిగిపోతుంది.

చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020లో వచ్చాక నెట్ చాలా మెరుగైంది. కానీ దీవి మీద సిగ్నల్ ఇప్పటికీ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఆటో, కొబ్బరిబోండాం, బోటు ఖర్చులకు సరిపడా నగదు శ్రీ విజయపురంలోనే తీసుకోండి. ఫెర్రీ, హోటల్ టికెట్లు ఫోనులో దించి పెట్టుకోండి, ఒక ప్రింటు కూడా.

ప్రశ్న: పిల్లలు ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు తెచ్చుకోవచ్చా?

జవాబు: పగడం చచ్చినదైనా తేకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. గవ్వల్లో కూడా కొన్ని రకాలు ఆ చట్టం పరిధిలోనే ఉన్నాయి. విమానాశ్రయంలో సామాను స్కానింగులో పట్టుబడతాయి. కొన్న గవ్వల వస్తువులకు మాత్రం దుకాణం రసీదు దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: జూన్‌లో గదులు సగం ధరకే ఉన్నాయి. వెళ్ళవచ్చా? (నిజామాబాద్)

జవాబు: నాలుగు రోజుల యాత్రకు వద్దు. నైరుతి రుతుపవనాలు దేశంలో అందరికంటే ముందు, మే మూడో వారానికల్లా అండమాన్ చేరతాయి. వరసగా రెండు రోజులు ఫెర్రీలు ఆగితే మీ యాత్రలో సగం హోటలు గదిలోనే గడుస్తుంది. నీళ్ళు కూడా కలకబారి స్నార్కెలింగ్‌లో ఏమీ కనిపించదు. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండాల భయం ఉంటుంది. జనవరి చివర నుంచి ఏప్రిల్ మధ్య వరకు సముద్రం శాంతంగా ఉంటుంది. అందులోనూ సంక్రాంతి రద్దీ తగ్గాక, పిల్లల పరీక్షల ముందు ఫిబ్రవరిలో ఒక వారాంతం దొరికితే ఫెర్రీ సీట్లూ సులభం, గదుల ధరలూ డిసెంబరు చివరి వారమంత ఉండవు.