జామ్ చిక్కబడలేదా? సిరప్ పొంగిపోయిందా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో దాదాపు అన్నింటిలోనూ 'ఇన్ని నిమిషాలు ఉడికించాను' అని ఉంది. ఎంత తూకానికి దిగిందో, ఎంత వేడికి వచ్చిందో మాత్రం ఎవరూ రాయలేదు. తిరకాసంతా అక్కడే ఉంది.

ప్రశ్న: కిలో స్ట్రాబెర్రీలకు ముప్పావు కిలో పంచదార వేసి, పుస్తకంలో ఉన్నట్టే 25 నిమిషాలు ఉడికించానండీ. చల్లారాక చూస్తే చారులా జారుతోంది. ఇంకాసేపు ఉడికిస్తే సరిపోతుందా?

జవాబు: ఒట్టి ఉడికింపుతోనే సరిపోకపోవచ్చు. జామ్ పట్టాలంటే పండులోని పెక్టిన్ (రసాన్ని జెల్లీలా గడ్డకట్టించే పదార్థం), పులుపు, పంచదార మూడూ కుదరాలి. స్ట్రాబెర్రీలో పెక్టిన్ అసలే తక్కువ. బాగా మగ్గినవైతే మరీ తక్కువ, ఎందుకంటే పండు మగ్గేకొద్దీ అందులోని ఎంజైములే పెక్టిన్‌ను విరగ్గొట్టేస్తాయి. అందుకే పావు వంతైనా దోరపండ్లు కలపండి. కిలోకు రెండు పెద్ద చెంచాల (30 మి.లీ.) నిమ్మరసం పోయండి. నిమ్మరసం రుచికోసమేలే అనుకుని చాలామంది మానేస్తారు. పులుపు లేనిదే పెక్టిన్ పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవు.

ఇక నిమిషాల సంగతి. అదే పండు, అదే పంచదార వెడల్పాటి గిన్నెలో 15 నిమిషాలకు దగ్గరపడితే, ఇరుకు గిన్నెలో 40 కూడా పట్టొచ్చు. ఆవిరి పోయేది పైనుంచే కదా! గడియారం పక్కన పెట్టి వంటింటి తూకం బయటికి తీయండి. ఖాళీ గిన్నె బరువు ముందే రాసిపెట్టుకోండి. నిలవుండే జామ్‌లో నూటికి 65 పాళ్లు చక్కెరలూ, పండులోని గట్టి పదార్థమూ ఉండాలి. మీరు వేసిన పంచదార 750 గ్రాములు. కిలో స్ట్రాబెర్రీల్లో నీరు పోగా మిగిలేది సుమారు 80 గ్రాములు. రెండూ కలిపి 830. దాన్ని 0.65తో భాగిస్తే దాదాపు 1,280 వస్తుంది. గిన్నె బరువు పోను 1,280 గ్రాములకు దిగిందంటే ఇక దించొచ్చు. థర్మామీటరు ఉన్నవాళ్లు 104-105 డిగ్రీల సెల్సియస్ దగ్గర దించుకోవాలి. కొండప్రాంతాల్లో నీరే 100 డిగ్రీలకన్నా ముందు మరుగుతుంది కాబట్టి, మీ దగ్గర నీరు ఎంతకు మరుగుతుందో చూసి దానికి నాలుగున్నర డిగ్రీలు కలుపుకోండి.

తూకమూ థర్మామీటరూ రెండూ లేకపోతే సాసర్ పరీక్ష ఉండనే ఉంది. ఫ్రీజర్‌లో చల్లబెట్టిన సాసర్ మీద అర చెంచా జామ్ వేసి, నిమిషం ఆగి, వేలితో మెల్లిగా తోయండి. వేలి ముందు పాలమీగడలా ముడత పడితే అయినట్టే. గీసిన గీత మళ్లీ మూసుకుపోతే ఇంకో మూడు నిమిషాలు ఉడకాలి. పరీక్ష చేసేటప్పుడు స్టవ్ ఆపాల్సిందే. లేకపోతే మీరు సాసర్ చూస్తుండగానే గిన్నెలోది ముదిరిపోతుంది.

ఇప్పుడు మీ దగ్గరున్న జామ్‌ను ఒక రోజు కదపకుండా ఉంచి చూడండి. కొన్ని 24 గంటలకు గానీ పట్టవు. అప్పటికీ జారుతుంటే రెండు పుల్లటి ఆపిల్స్‌ను తొక్కా గింజలతో సహా కోసి, మునిగేటన్ని నీళ్లలో అరగంట ఉడికించి వడగట్టండి. ఆ రసం ఒక కప్పు, నిమ్మరసం రెండు చెంచాలు జామ్‌లో కలిపి, పెద్ద మంట మీద మళ్లీ దగ్గరకు తీసుకురండి.

ప్రశ్న: జామపండ్ల జామ్ చేశాను. తీగపాకం వచ్చాకే దించాను. అయినా మర్నాటికి చెంచా దిగనంత గట్టిపడింది. ఎందుకని?

జవాబు: తీగపాకం దాకా ఉంచారు కాబట్టే. వేళ్ల మధ్య తీగ సాగేసరికి పాకం 106 నుంచి 112 డిగ్రీల మధ్య ఉంటుంది. జామ్ అంతకు ముందే, 105 దగ్గరే దిగాలి. పైగా జామపండులో పెక్టిన్ పుష్కలం. పేరుకు తగ్గట్టు జామ్ కోసమే పుట్టిందా అనిపించే పండు అది, దానికి పాకం లెక్కలు పనికిరావు. ముక్కలు మునిగేటన్ని నీళ్లలో మెత్తగా ఉడికించి, జల్లెడలో రుద్ది గింజలు తీసేయండి. కిలో గుజ్జుకు 750 గ్రాముల నుంచి కిలో వరకు పంచదార వేయొచ్చు. ఇలాంటి గట్టి పండ్లకు పంచదార ఎప్పుడైనా పండు మెత్తబడ్డాకే వేయాలి. ముందే వేస్తే ముక్క బిగుసుకుపోయి ఎంత ఉడికించినా నమలాల్సి వస్తుంది.

గట్టిపడినదాన్ని బాగుచేయొచ్చు. అరకిలో జామ్‌కు మూడు నాలుగు చెంచాల వేడినీళ్లు పోసి, సన్నటి సెగ మీద కలుపుతూ కరిగించండి. మాడు వాసన వచ్చేసి ఉంటే మాత్రం ఏం చేసినా పోదు.

ప్రశ్న: షుగర్ భయంతో పంచదార సగానికి తగ్గించాను. రెండు వారాలకే పైన తెల్లటి బూజు పట్టింది. పైపొర తీసేసి వాడుకోవచ్చా?

జవాబు: వద్దు, సీసా మొత్తం పారేయండి. పైకి కనబడేది బూజులో కొంతే. దాని పోగులూ, కొన్ని బూజులు వదిలే విషాలూ జామ్‌లాంటి మెత్తటి పదార్థంలో లోపలికి దిగుతాయి. జామ్‌లో పంచదార ఉన్నది తీపికోసమే కాదు. నీటిని పట్టేసుకుని సూక్ష్మజీవులకు అందకుండా చేసేది అదే. సగం తగ్గించారంటే ఆ కాపలా పోయినట్టే. అలాంటి జామ్‌ను చిన్న సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, మూడు వారాల్లో అవగొట్టాలి. ఫ్రీజర్‌లో పెడితే నెలల తరబడి ఉంటుంది, కాకపోతే సీసా పైన వేలెడు ఖాళీ వదలండి. పంచదార తక్కువైతే మామూలు పెక్టిన్ పట్టదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. 'లో మెథాక్సిల్' అని రాసి ఉన్న పెక్టిన్ వేరే దొరుకుతుంది. అది పంచదారతో కాకుండా కాల్షియంతో పట్టుకుంటుంది.

ప్రశ్న: ద్రాక్ష జెల్లీలో ఇసుకలా గరగరలాడుతోంది. పంచదార కరగలేదంటారా?

జవాబు: కాకపోవచ్చు. ఆ పలుకులు నాలుగు తీసి గోరువెచ్చని నీళ్లలో వేసి తిప్పండి. వెంటనే కరిగితే పంచదారే. కరగకుండా అడుగున కూర్చుంటే అది ద్రాక్షలో సహజంగా ఉండే టార్టరిక్ ఆమ్లపు లవణం. తింటే ఏమీ కాదు, పంటికింద పడుతుందంతే. ఈసారి రసం తీశాక ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే ఆ లవణం అడుక్కు దిగుతుంది. మడ్డి కదపకుండా పైతేటను వంచుకుని జెల్లీ చేయండి. పంచదార పలుకులే అయితే, గిన్నె అంచులకు అంటుకున్న పంచదారను తడి కుంచెతో లోపలికి తుడవడం, కొంచెం నిమ్మరసం చేర్చడం చాలు.

ప్రశ్న: దానిమ్మ సిరప్ నెలకే పాడైంది. మూత తీయగానే బుస్సుమని పొంగింది, కల్లు వాసన. లీటరు రసానికి 800 గ్రాముల పంచదార వేశాను. తక్కువైందా?

జవాబు: ఫ్రిజ్‌కైతే అది చాలు, బయట ఉంచడానికి చాలదు. ఈస్ట్ చేరి పులిసిపోయింది. ఇంకో సీసా ఏదైనా మిగిలి ఉంటే గుడ్డ కప్పి, ముఖానికి దూరంగా పెట్టి మెల్లిగా మూత తీసి పారబోయండి. లోపలి గ్యాసుకు గాజు పగలొచ్చు.

నిలవుండాలంటే సిరప్‌కూ ఆ 65 లెక్కే. లీటరు దానిమ్మ రసంలో చక్కెరలూ అవీ కలిపి సుమారు 150 గ్రాములుంటాయి. మిగతా లోటు తీరాలంటే 1.5 కిలోల పంచదార పడుతుంది. ఎక్కువ అనిపిస్తుంది గానీ, దాన్ని నీళ్లు కలుపుకునే తాగుతాం కదా.

గింజలు మిక్సీలో పొడి అయ్యేలా తిప్పకండి, చేదెక్కుతుంది. గుడ్డలో వేసి పిండడం మంచిది. రసం స్టీలు గిన్నెలోనే పోయాలి. అల్యూమినియం, కళాయి లేని రాగి పాత్రలు పులుపుకు పనికిరావు. పంచదార, 5 గ్రాముల సిట్రిక్ యాసిడ్ వేసి, 85 డిగ్రీలకు తెచ్చి, కరగగానే దించేయండి. మరగనివ్వొద్దు. మరిగితే రంగు గోధుమవర్ణానికి తిరిగి, తాజా వాసన పోతుంది. వేడిగా ఉండగానే వేడి సీసాల్లో పోసి, మూత బిగించి, రెండు నిమిషాలు పక్కకు పడుకోబెడితే మూత లోపలి భాగానికీ ఆ వేడి తగులుతుంది. మూత తీశాక మాత్రం ఫ్రిజ్‌లోనే.

పంచదార తగ్గించి, నిలవుంచే మందు వాడదామనుకుంటే ఏది వాడాలన్నది రంగును బట్టి ఉంటుంది. మామిడి, నారింజ సిరప్‌లకు పొటాషియం మెటాబైసల్ఫైట్ లీటరుకు 0.6 గ్రాములు. దానిమ్మ, నేరేడు లాంటి ఎరుపు, ఊదా రంగులను అది వెలవెలబోయేలా చేస్తుంది కాబట్టి వాటికి సోడియం బెంజోయేట్ లీటరుకు 0.7 గ్రాములు. చెంచాడు నీళ్లలో కరిగించి, సిరప్ చల్లారాకే కలపండి. వేడిలో వేస్తే సల్ఫైట్ ఘాటు గాల్లో పోతుంది. 'చిటికెడు వెయ్యండి' అనే మాట అసలు వినకండి. ఒకరి చిటికెడు ఇంకొకరికి రెండు చిటికెళ్లు. గ్రాములో పదోవంతు చూపించే చిన్న త్రాసు కావాలి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే సల్ఫైట్ జోలికి వెళ్లొద్దు, కొందరికి ఆయాసం తెస్తుంది.

ప్రశ్న: పండు ముక్కలన్నీ సీసాలో పైకి తేలి, కింద ఒట్టి జెల్లీ మిగులుతోంది.

జవాబు: మరీ వేడిగా పోస్తున్నారు. దించాక పది నిమిషాలు ఆగి, కొంచెం చిక్కబడ్డాక ఒకసారి కలిపి పోయండి. ముక్కలను ముందురోజు రాత్రే పంచదారలో ఊరబెడితే వాటిలో గాలి పోయి బరువెక్కుతాయి. మెత్తటి పండ్లకే ఈ పద్ధతి, తొక్క మందంగా ఉన్నవాటికి వద్దు.

ప్రశ్న: వేడి జామ్ పోయగానే సీసా పగిలింది. చల్లారాక పోస్తే పోలేదా?

జవాబు: చల్లారాక పోస్తే గాల్లోని బూజు విత్తులను కూడా కలిపి మూత పెట్టినట్టే. జామ్ వేడి తగ్గించే బదులు సీసాను వేడెక్కించండి. కడిగిన సీసాలను పది నిమిషాలు నీళ్లలో మరిగించండి, లేదా 110-120 డిగ్రీల ఓవెన్‌లో పావుగంట ఉంచండి. చెక్క మీదో మడిచిన తువ్వాలు మీదో పెట్టి నింపాలి. చల్లటి గ్రానైట్ గట్టు తగిలినా గాజు చిట్లుతుంది. పైన పావు అంగుళం వదిలి, అంచు తుడిచి, మూత పెట్టండి.

ప్రశ్న: బొప్పాయి, అరటిపండు జామ్ కూడా ఇలాగే నిలవ చేసుకోవచ్చా?

జవాబు: ఇలాగే కాదు. మామూలు జామ్ పండ్లలో పి.హెచ్. (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6కు కిందే ఉంటుంది. ఆ పులుపులో బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషాన్ని కలిగించే బ్యాక్టీరియా పెరగలేదు. బొప్పాయి, అరటి, పుచ్చకాయ సాధారణంగా ఆ గీతకు పైనే ఉంటాయి. కిలో గుజ్జుకు నాలుగు పెద్ద చెంచాల నిమ్మరసం పోసి, లేదా సగానికి సగం అనాస కలిపి చేసుకోండి. అయినా ఫ్రిజ్‌లోనే ఉంచి, రెండు మూడు వారాల్లో తినేయండి. అలమరలో దాచే జామ్‌ల వరసలో వీటిని పెట్టొద్దు.