పాప లాప్‌టాప్‌లో ఏం వెతుకుతోంది?

ప్రశ్న: మాది తిరుపతి. పాప బీటెక్ కంప్యూటర్స్ మూడో ఏడాది. నకిలీ దర్శనం టికెట్ల సైట్ల గుట్టు తేలుస్తానని రాత్రిళ్లు కూర్చుంటోంది. తను నిద్రపోయాక లాప్‌టాప్ తెరిచి చూస్తే ఎవరెవరివో ఫోన్ నంబర్లు! రేపు కేసు అయితే పెళ్లి సంబంధాలు వస్తాయా? ఎథికల్ హ్యాకింగ్ కోర్సు మేలా, డిజిటల్ ఫోరెన్సిక్స్ (కంప్యూటర్లు, ఫోన్లలో నేర సాక్ష్యాలు వెలికితీసే చదువు) ఎమ్మెస్సీ మేలా?

జవాబు: మీ టెన్షన్ కోర్సు గురించి కాదు, కేసు గురించి. ముందు అదే చూద్దాం.

ఒక సైటు పేరు ఏ రోజు రిజిస్టరైందో ఎవరైనా చూడొచ్చు. యజమాని పేరు చాలాసార్లు దాచి ఉంటుంది, తేదీ మాత్రం కనిపిస్తుంది. దాని సెక్యూరిటీ సర్టిఫికెట్ వివరాలు బహిరంగ లాగ్‌లలో, అంటే ఎవరైనా చూడగలిగే నమోదు జాబితాల్లో, ఉంటాయి. అలాంటి పేర్లే ఇంకొన్ని అక్కడ బయటపడొచ్చు. ఒకే యూపీఐ ఐడీ రెండు సైట్లలో ఉంటే రెండూ ఒకరివేనని అనుమానించొచ్చు. ఇదంతా వీధిలో నిలబడి చూడటమే, తప్పు లేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఊహించి లోపలికి పోతే మాత్రం, దొంగల సైటైనా సరే, అనుమతి లేని చొరబాటుగా ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద తప్పే. దురుద్దేశం తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ యూపీఐ ఐడీ ఎవరిదో బ్యాంకును అడగాల్సింది పోలీసులు. పాప తన దగ్గరున్నది సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇచ్చి ఆగాలి.

అయినా, అనుమతి లేకుండా లాప్‌టాప్ తెరిచింది ఎవరండీ? పొద్దున అడిగితే చెప్పేది కదా! ఇలాంటి పని చేసేవాళ్లు బ్యాంకుల్లో, ఆడిట్ సంస్థల్లో కూడా ఉంటారు. పెళ్లి సంబంధాల లెక్క ఇందులోకి తేకండి.

నాకు అనుమానమల్లా మూడు నెలల ఎథికల్ హ్యాకింగ్ కోర్సుల మీదే. టూల్స్ పేర్లు గడగడా నేర్పుతారు. ఫోరెన్సిక్స్ ఉద్యోగంలో మాత్రం రోజంతా లాగ్‌లు చదవడం, ఏది ఎప్పుడు ఎక్కడ దొరికిందో రాసుకోవడం, రిపోర్టు రాయడం. ఫైలు తీసుకున్న వెంటనే హ్యాష్ విలువ, అంటే ఫైలు తర్వాత మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్, నమోదు చేయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌ (సాక్ష్యాల చట్టం)లో, ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు కోర్టుకు ఇవ్వాల్సిన 63వ సెక్షన్ సర్టిఫికెట్ కూడా ఆ విలువ అడుగుతుంది. ఈ ఓపిక నేర్పే ఇన్‌స్టిట్యూట్ నాకైతే ఇంకా కనబడలేదు.

ఎమ్మెస్సీకి గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది. ఆ మాట డిగ్రీ చివర్లో. ఈ ఏడాది ఎక్కడా ఫీజు కట్టకండి. తను తేల్చిన ఒక్క సైటు మీద రెండు పేజీల రిపోర్టు రాయమనండి. చదివితే మీకు అర్థమైందా, అప్పుడు ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టించండి.