పాత ఎఫ్‌డీ లెన్స్‌లో కొండ మసకగా రావడానికి కారణం

మీ నాన్నగారి కానన్ ఎఫ్‌డీ (ఫిల్ము కెమెరాల నాటి) 50 ఎంఎం లెన్స్‌ను మామూలు అడాప్టర్ రింగుతో కానన్ డీఎస్ఎల్ఆర్‌కు బిగిస్తే, దగ్గరి పువ్వు స్పష్టంగా వస్తోందనీ, అలిపిరి నుంచి తీసిన తిరుమల కొండ మాత్రం మసకబారుతోందనీ రాశారు. లెన్స్ చెడిపోలేదండీ, దయచేసి దాన్ని విప్పించకండి. ఎఫ్‌డీ లెన్స్ తన మౌంటు (కెమెరాకు బిగించే అంచు) నుంచి ఫిల్ము దాకా 42 మిల్లీమీటర్ల దూరానికి తయారైంది. మీ డీఎస్ఎల్ఆర్‌కున్న ఈఎఫ్ మౌంటులో ఆ దూరమే 44 మిల్లీమీటర్లు, దానికి రింగు మందం కూడా తోడవడంతో, ఫోకస్‌ను అనంతం (చాలా దూరపు వస్తువుల) గుర్తు దాకా తిప్పినా అది సుమారు ఒక మీటరు దగ్గరే ఆగిపోతుంది. గాజు బిళ్ల ఉన్న అడాప్టర్లతో కొండ కనిపిస్తుంది గానీ, అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిస్తే బొమ్మలో పదును పోతుంది కనుక వాటిని నేను సిఫారసు చేయను.

కానన్ ఆర్ఎఫ్ మౌంటు ఉన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలో ఆ దూరం 20 మిల్లీమీటర్లే కాబట్టి, మిగిలిన 22 మిల్లీమీటర్లను గాజు లేని అడాప్టరే పూరిస్తుంది. తిరుపతిలో తెలిసినవారి దగ్గర అలాంటి బాడీ ఉంటే, కొనేముందు పెట్టి చూడండి. కెమెరా మెనూలో, లెన్స్ లేకున్నా షట్టర్ పనిచేసేలా అనుమతించాలి. అడాప్టర్ మీది రింగును లాక్ వైపు తిప్పి, లెన్స్ అపెర్చర్ రింగును 16 దగ్గర ఉంచి ముందు నుంచి చూస్తే, అపెర్చర్ రేకులు చిన్న రంధ్రంగా ముడుచుకొని కనిపించాలి.