గ్రీజు పూసి ఎక్కించిన ఆయిల్ సీల్: మెకానిక్‌పై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది తిరుపతి. సొంత కారు నేనే నడుపుతూ యాత్రికులను కాణిపాకం, శ్రీకాళహస్తి తిప్పి బతుకుతున్నాను. 16 నెలల కిందట ఆయిల్ కారుతోందని రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డులో గేర్‌బాక్స్ దింపించి, క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనకవైపు ఆయిల్ సీల్ మార్పించాను. సీలు, కూలీ కలిపి 9,500 యూపీఐలో కట్టాను. బిల్లు ఇవ్వలేదు. ఇరవై రోజులకే మళ్లీ కారింది. ఆయిల్ లైటు వెలిగినా, బండిలో ముసలివాళ్లున్నారని శ్రీకాళహస్తి దాకా పోనిచ్చాను. ఇంజన్ పట్టేసింది. వేరే షెడ్డులో 78,000 అయింది. అమ్మ గాజులు కుదువ పెట్టాను. మొదటి మెకానిక్‌ని అడిగితే ‘గ్రీజు బాగా దట్టించే ఎక్కించాను, నా తప్పేం లేదు’ అని వాట్సాప్‌లో వాయిస్ పెట్టాడు, తర్వాత నానా మాటలన్నాడు. తీసిన సీలు రెండో షెడ్డులో కవర్లో ఉంది. చిత్తూరులో తెలిసిన స్పేర్ పార్ట్స్ షాపతను, ఆ మెకానిక్ సీలు కొన్నట్టు పాత తేదీతో బిల్లు రాసిస్తానంటున్నాడు. మోసం కేసు పెట్టి అతన్ని జైలుకు పంపొచ్చా?

జవాబు: మీ దారి మోసం కేసు కాదు, వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపం ఫిర్యాదు. ఆ కేసంతా కవర్లో ఉన్న సీలు మీద నిలబడి ఉంది. దాదాపు 15 నెలలుగా దాన్ని వేరేవాళ్ల షెడ్డులో వదిలేశారు. ఏ కుర్రాడో చెత్తతో పాటు ఊడ్చేస్తే మీ చేతిలో ఏమీ మిగలదు. ఈరోజే వెళ్లి తెచ్చుకోండి.

గ్రీజు పూయడం దానంతట అదే తప్పు కాదు. సీలు ఏ రకమో చూస్తే గానీ తప్పో ఒప్పో తేలదు. లోపల సన్నని స్ప్రింగు చుట్టి ఉండే నైట్రైల్, వైటాన్ రబ్బరు సీళ్లకు ఎక్కించే ముందు లిప్‌కు, అంటే క్రాంక్‌ను తాకే అంచుకు, శుభ్రమైన ఇంజన్ ఆయిల్ గానీ కొద్దిగా గ్రీజు గానీ పూయాలి. పొడిగా ఎక్కిస్తే లిప్ మడత పడుతుంది, స్ప్రింగు జారిపోతుంది, మొదటి నిమిషాల్లోనే అంచు కాలుతుంది. మీది ఈ రకమైతే ఆ వాయిస్ మెసేజ్ అతనికే సాక్ష్యం.

పీటీఎఫ్‌ఈ, అంటే టెఫ్లాన్ జాతి సీలు అయితే లెక్క తిరగబడుతుంది. దీనికి సాధారణంగా స్ప్రింగు ఉండదు, లిప్ వెడల్పుగా, చదునుగా ఉంటుంది. కొత్తది చాలావరకు ప్లాస్టిక్ గైడు మీదే వస్తుంది. క్రాంక్ తిరిగే కొద్దీ ఆ లిప్ నుంచి పలుచని పొర ఇనుముకు అంటుకోవాలి, అదే ఆయిల్‌ను ఆపేది. మధ్యలో గ్రీజు ఉంటే ఆ పొర కుదరదు, సీలు కారుతుంది. అందుకే తయారీదారులు లిప్‌కూ క్రాంక్‌కూ ఏమీ పూయకుండా పొడిగా ఎక్కించమంటారు. మీది ఈ రకమని తేలితే, అతని గొంతుతో వచ్చిన ‘గ్రీజు దట్టించి’ అన్న మాటే సేవాలోపానికి ఒప్పుకోలు.  

సీలును తుడవకండి, పెట్రోల్‌తో కడగకండి. దాని మీద మిగిలిన గ్రీజే మీ సాక్ష్యం. లిప్‌ను, పార్ట్ నంబరును దగ్గరగా ఫొటోలు తీసి, లోపలిది కనిపించే కొత్త కవర్లో పెట్టి అతికించి, తేదీ వేయండి. రెండో మెకానిక్‌తో సంతకం చేయించండి. సీలు తీసినప్పుడు ఏం చూశాడో అతని నుంచి అఫిడవిట్ తీసుకోండి. క్రాంక్ మీద గాడి ఉందా, ఇంజన్ బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) మూసుకుపోయిందా అన్నవి అందులో తప్పకుండా ఉండాలి. ఈ రెండిట్లో ఏది ఉన్నా మంచి సీలు కూడా కారుతుంది, అవతలి లాయరు మొదట అడిగేది అదే. ఆ పార్ట్ నంబరు సీలును ఎలా ఎక్కించాలో చెప్పే వర్క్‌షాప్ మాన్యువల్ పేజీని, లైసెన్సు ఉన్న మోటారు సర్వేయర్ నివేదికను జత చేయండి. సేవాలోపం రుజువు చేసే భారం ఫిర్యాదుదారుదేనని సుప్రీంకోర్టు 2021లో స్పష్టంగా చెప్పింది.

వాయిస్ ఉన్న ఫోను మార్చకండి, ఫార్మాట్ చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తోనే దాన్ని దాఖలు చేయాలి. బిల్లు లేదని దిగులు పడొద్దు. మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 9,500 పద్దు ఉంది. పైగా బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి.

కాబట్టి ఆ దొంగ బిల్లు జోలికి పోనే పోవద్దు. కమిషన్ విచారణను చట్టం న్యాయ విచారణగానే చూస్తుంది. అందులో కల్పిత పత్రం పెడితే భారతీయ న్యాయ సంహిత 229 కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. షాపు జీఎస్టీ రికార్డుతో పోల్చిన క్షణాన అది బయటపడుతుంది, దాంతో నిజమైన సాక్ష్యాన్ని కూడా ఎవరూ నమ్మరు. మోసం కేసూ వద్దు. మొదటి నుంచీ దగా చేసే ఉద్దేశం ఉంటేనే అది మోసం. పని చేతగాకపోవడం ఆ కిందికి రాదు.

ఇక మీ తప్పు. ఆయిల్ లైటు వెలిగాక బండి నడపకూడదన్నది బండి మీద బతికే మీకు తెలియనిది కాదు. లైటు వెలిగిన చోటే ఆపి డిప్‌స్టిక్ చూసి ఉంటే నష్టం సీలుతో, ఆయిల్‌తో పోయేది. ఈ సంగతి ఫిర్యాదులో దాచకండి, ఎదురుప్రశ్నల్లో ఎలాగూ వస్తుంది. లెక్కను రెండుగా విడదీసి అడగండి: 9,500, మళ్లీ సీలు మార్చిన ఖర్చు ఒకటి, ఇంజన్ పనికైన మిగతా సొమ్ము, పోయిన ట్రిప్పుల ఆదాయం మరొకటి. మొదటిది బలమైనది. రెండోదాంట్లో కొంత కోత పడుతుందని సిద్ధపడండి.

ట్యాక్సీ కాబట్టి మీరు వినియోగదారుడే కాదని అవతలివాళ్లు వాదిస్తారు. కారు సొంతంగా నడుపుకుంటూ జీవనోపాధి పొందుతున్నానని ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయండి, వినియోగదారుల రక్షణ చట్టం 2(7) వివరణ మిమ్మల్ని కాపాడుతుంది.

ఫిర్యాదుకు గడువు అదే చట్టం 69వ సెక్షన్ కింద రెండేళ్లు. సీలు మార్చిన తేదీ నుంచే లెక్కించుకుంటే ఎనిమిది నెలలున్నాయి. నోటీసు పంపినంత మాత్రాన, అతను ‘చూద్దాంలే’ అన్నంత మాత్రాన ఆ గడువు ఆగదు. 15 రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జవాబు రాకపోతే తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. అయితే నోటీసులో ‘పొడిగా ఎక్కించాల్సిన సీలుకు గ్రీజు పూశారు’ అని రాసే ముందు, కవరు విప్పకుండానే ఆ లిప్‌ను సర్వేయర్‌కు చూపించి రకం తేల్చుకోండి. స్ప్రింగు కనబడితే ఆ వాక్యం తీసేసి, అసలు కారణం ఆయన నివేదికలో తేలాకే నోటీసు పంపండి.